చేపల బజారులో తిరిగొచ్చిన ఊపిరి

నా ఉద్యోగకాలంలో ఎన్ని సూదిమందులు వేశానో నాకే తెలియదు. పసిపిల్లల టీకాలు, గర్భిణులకి ధనుర్వాతం రాకుండా వేసేవి, కుక్కకాటువి, అన్నీ కలిసిపోయి ఒకే జ్ఞాపకంలా అయిపోయాయి. ఒక్క రోజు వేసిన రెండు ఇంజెక్షన్లు మాత్రం అందులో కలవలేదు. వాటి సంగతి చెప్పాల్సి వస్తే ఇప్పటికీ కూర్చుని చెప్పలేను. లేచి నిలబడతాను, చేతులు ఊపుతాను, మా ఇంట్లోవాళ్ళు "మళ్ళీ మొదలెట్టింది" అని నవ్వుకుంటారు. ఆరోగ్యశాఖలో కొత్తగా చేరిన మీలాంటి పిల్లలు అడిగారు కాబట్టి ఈసారి రాస్తున్నాను. రాసేటప్పుడైనా కూర్చోక తప్పదు కదా.

రాష్ట్రం విడిపోయిన కొత్త రోజులవి. నేను శ్రీకాకుళం జిల్లా తీరంలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సూపర్‌వైజర్ని. మా పరిధిలో ఉన్నవన్నీ చేపలవాళ్ళ పేటలే. మగవాళ్ళు వేటకి వెళ్తారు. వాళ్ళు తెచ్చిన చేపల్ని ఆడవాళ్ళు గంపలకెత్తుకుని, షేరాటోల్లో ఇరుక్కుని, చీపురుపల్లి తీసుకెళ్ళి అమ్ముతారు. కొందరు ఇంకా ముందుకి, గజపతినగరం దాకా వెళ్ళేవారు. ఆ రెండూ విజయనగరం జిల్లా. అంటే మా ఆడవాళ్ళ కాపురం ఒక జిల్లాలో, కష్టం ఇంకో జిల్లాలో. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ, ప్రభుత్వ ఉద్యోగంలో ఇంతకంటే పెద్ద చిక్కు ఉండదని మీకూ త్వరలోనే తెలుస్తుంది.

అప్పుడే మా కేంద్రానికి ఒక కుర్ర డాక్టరు గారు వచ్చారు. అనంతపురం వైపు మనిషి. మంచి చెయ్యి, మంచి మనసు. చిక్కల్లా మా మాట అర్థం కాకపోవడమే. "రాత్రంతా తొంగోనేదు బాబూ" అని ఒక ముసలామె చెబితే, ఆవిడ వంగలేకపోతోందనుకుని నడుం అంతా పరీక్షించి ఎక్స్‌రే రాశారు. తొంగోవడమంటే మా వైపు పడుకుని నిద్రపోవడమని నేను చెప్పాక ఆయన తలపట్టుకున్నారు. ఆ ఒక్క మాటతోనే ముందుముందు ఎంత పని పడుతుందో అప్పటికి మాకు తెలియదు.

ఒక మధ్యాహ్నం పేట నుంచి మా ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. నలభై ఏళ్ళు నిండని ఆడమనిషి, చీపురుపల్లి నుంచి వచ్చి, అన్నం తిని, పడుకుని, మరి లేవలేదు. మేము వెళ్ళేసరికి శరీరం చల్లబడిపోయింది. గుండె ఆగిపోయిందని ఇంటివాళ్ళు అన్నారు. చెడుగాలి సోకిందని పక్కింటివాళ్ళు అన్నారు. డాక్టరు గారు మాత్రం ఏం తిన్నది, ఏం తాగింది, ఏ మందులు వాడుతుంది అని అడుగుతూనే ఉన్నారు. చివరికి ఆవిడ కూతురు, ఇరవై ఏళ్ళ పిల్ల, తల్లి రొంటిన దోపుకునే గుడ్డసంచి తెచ్చి ఇచ్చింది. అందులో న్యూస్‌పేపరు ముక్కల్లో కట్టిన చిన్న పొట్లాలు ఉన్నాయి. ఒక్కో దాంట్లో నాలుగు రంగుల బిళ్ళలు.

డాక్టరు గారు వాటిని అరచేతిలో పోసుకుని చాలాసేపు చూశారు. ఒకటి మామూలు నొప్పి బిళ్ళ, ఒకటి స్టెరాయిడ్, ఒకటి నిద్రమాత్ర. నాలుగోది నల్లమందు జాతికి చెందిన గట్టి నొప్పి మందు. పెద్ద ఆపరేషన్లు అయినవాళ్ళకి ఆచితూచి ఇచ్చే రకం. ఆ చివరి రెండూ కలిస్తే నొప్పి పోతుంది, నిద్ర వస్తుంది. మోతాదు మించితే మెదడు ఊపిరి తీసుకోవడం కూడా మర్చిపోతుంది.

అక్కడి నుంచి మేం ఏ ఇంట్లో అడిగినా ఆ పొట్లం ఉంది. "ఒంటినొప్పుల పొట్లం" అంటారు. చీపురుపల్లి చేపల బజారు పక్కన దువ్వెనలు, సబ్బులు అమ్మే ఒక కొట్టువాడు ఇస్తాడు. వాడు డాక్టరూ కాదు, మందుల షాపు లైసెన్సూ లేదు. పొద్దున్న ఒకటి, ఇంటికొచ్చాక ఒకటి. ఒళ్ళు మరీ బరువుగా ఉన్న రోజు రెండేసి. ఆడవాళ్ళే, అందరూ ఆడవాళ్ళే. మగవాళ్ళ మత్తు గురించి ఊరంతా మాట్లాడుకుంటుంది. ఆడవాళ్ళ మత్తు మాత్రం ఇలా మందు రూపంలో గంప అడుగున కూర్చుంటుంది కాబట్టి ఎవరికీ కనిపించలేదు.

సరే, శాఖ ఎప్పుడూ చేసే పనే మేమూ చేశాం. తుఫాను షెల్టర్లో మీటింగు పెట్టాం. మైకు, పుర్రె బొమ్మ వేసిన పోస్టరు, అన్నీ సిద్ధం. నేను ఆవేశంగా మాట్లాడాను. ముందు వరసలో ఒక పెద్దావిడ కూర్చుంది. గట్టి మనిషి, గట్టి గొంతు. చేపల ఆడవాళ్ళందరికీ ఆవిడే పెద్దదిక్కు, వయసుతో పనిలేకుండా అందరూ పెద్దమ్మ అనే పిలుస్తారు. నా ఉపన్యాసం అయ్యాక ఆవిడ లేచి ఒక్క మాట అడిగింది.

"పొట్లం మానీమంటన్నారు, బాగానే ఉన్నాది. మరి నొప్పి ఎవులు మోస్తారమ్మా, మీరు మోస్తారా?"

షెల్టరంతా గొల్లున నవ్వింది. చీరలు దులుపుకుని అందరూ వెళ్ళిపోయారు. నేనూ డాక్టరు గారూ పుర్రె బొమ్మా మిగిలాం.

ఆ రాత్రి ఉడుక్కున్నాను గానీ, పొద్దున్నే లేచి వాళ్ళతో పాటు ఆటో ఎక్కాను. నవ్వారు, కానీ చోటిచ్చారు. పదిమందికి పైగా మనుషులు, గంపలు, మంచు నీళ్ళు కారుతూ ఒళ్ళంతా చేపనీచు. దిగాక ఒక గంప నేనే ఎత్తుకున్నాను. బజారు చివరికి చేరేసరికి మెడ పట్టేసింది. మధ్యాహ్నానికి నడుం నాది కాదనిపించింది. తిరుగు ప్రయాణంలో పెద్దమ్మ నా వాలకం చూసి, రొంటిన ఉన్న సంచి విప్పి ఒక పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. "ఏసుకో నర్సమ్మా, నేపోతే రేపు లెగనేవు" అంది. ఆ మాటలో ఎంత ప్రేమ ఉందో. పొట్లం తప్పని ముందురోజే మైకులో అరిచినదాన్ని, ఆ ప్రేమ ముందు ఏం మాట్లాడను? ఈ పొట్లాలు వాళ్ళకి చెడ్డ అలవాటు కాదు, ఒకరినొకరు చూసుకునే పద్ధతి. అది అర్థం కాకుండా ఎన్ని పోస్టర్లు అంటించినా గోడకే ఉపయోగం.

నేను వేసుకోలేదు. ఎందుకు వేసుకోనో చెప్పాను. చనిపోయినావిడ పేరు ఎత్తాను. పెద్దమ్మ పొట్లాన్ని తీసుకుని మళ్ళీ సంచిలో పెట్టేసింది. అప్పుడు తెలిసింది, చనిపోయింది ఆవిడ సొంత చెల్లెలని.

"దుప్పటి నానే కప్పినాను" అంది. "ఇన్నాల్లకి కంటినిండా తొంగున్నాది, లేపకండర్రా అని పిల్లల్ని కసిరినాను. గురక పెడతన్నాది. ఆ గురక ఇని సంబరపడినాను నర్సమ్మా."

ఆటో శబ్దంలో ఆవిడ గొంతు నాకొక్కదానికే వినబడింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. మా ఊరు వచ్చేదాకా వదల్లేదు.

మర్నాడు ఇదంతా డాక్టరు గారికి చెబితే ఆయన కుర్చీలోంచి లేచిపోయారు. "గురక! అది గురక కాదు మేడమ్, ఊపిరి ఆగిపోయే ముందు గొంతు చేసే చప్పుడు. అప్పుడు లేపి ఉంటే, పక్కకి తిప్పి ఉంటే, ఎవరో ఒకరు ఊపిరి ఊది ఉంటే..." అంటూ గదిలో అటూ ఇటూ తిరిగారు. ఆ పూటే మా పని మారిపోయింది. పొట్లం మానండి అని అరవడం ఆపేశాం. నొప్పికి అసలు వైద్యం చేద్దాం, పొట్లాన్ని కొద్దికొద్దిగా తగ్గిద్దాం, ఈలోగా ఎవరైనా లేవకపోతే ఏం చెయ్యాలో అందరికీ నేర్పుదాం. అది కూడా పేటలో కాదు, వాళ్ళు ఉండే చోట, చీపురుపల్లి చేపల బజారులోనే.

దానికి అనుమతి కావాలి. జిల్లా ఆఫీసులో పెద్ద అధికారి మా మాట విని మొహం చిట్లించారు. మాత్రలు వేసుకోవద్దని చెప్పడమే మన పని, వేసుకున్నాక ఏం చెయ్యాలో చెబితే వేసుకోమన్నట్టే అవుతుందన్నారు. పైగా అది పక్క జిల్లా అన్నారు. డాక్టరు గారు పుస్తకాల్లో ఉన్నదంతా చెప్పారు. ఆయన కదల్లేదు. అప్పుడు నేను నోరు విప్పాను.

"సార్, తుఫాను హెచ్చరిక ఉన్నా మా వాళ్ళు ఒక్కోసారి వేటకి వెళ్ళిపోతారు. వెళ్ళొద్దనే చెబుతాం. అలాగని పడవలో ఖాళీ డబ్బాలు కట్టుకోవద్దని చెప్పం కదా. మునిగేవాడికి పట్టుకోడానికి ఏదో ఒకటి ఉండాలి కదా సార్."

ఆయన పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి నొప్పుల శిబిరం అని పేరు పెట్టుకోండి, పక్క జిల్లావాళ్ళతో నేను మాట్లాడతాను అన్నారు. మెట్లు దిగుతుంటే డాక్టరు గారు నాకంటే వేగంగా దిగారు, రెండేసి మెట్లు ఒకేసారి.

ఇక మందు సంగతి. నల్లమందు జాతి మందులు మెదడులో పట్టుకున్న చోటు నుంచి వాటిని తోసేసే ఇంజెక్షన్ ఒకటి ఉంది, నాలోక్సోన్ అంటారు. పెద్దాసుపత్రుల ఆపరేషన్ థియేటర్లలో ఎప్పుడూ ఉండేదే, మాలాంటి చోట్లకి రాదు. డాక్టరు గారు అడిగిన చోట మళ్ళీ అడిగి, ఫోన్ పెట్టేసినవాళ్ళకి మళ్ళీ ఫోన్ చేసి, మొత్తానికి మూడు ఆంపూళ్ళు, అంటే మందు నింపిన బుల్లి గాజుసీసాలు, తెప్పించారు. బొటనవేలంత కూడా లేవు. వాటికి దూది చుట్టి అత్యవసర మందుల పెట్టెలో పెట్టి, ఆ పెట్టె ఎవరి చేతికీ ఇవ్వకుండా నేనే మోసేదాన్ని.

శిబిరం మొదలైంది. చేపల బజారు గోడ పక్కన ఒక టెంటు, రెండు బల్లలు. మొదటి వారం పెద్దమ్మ ఒక్కతే వచ్చింది. తర్వాత ఆవిడ వెనక అందరూ వచ్చారు. డాక్టరు గారు ఒక్కొక్కరి నడుం, మెడ, మోకాళ్ళు చూసేవారు. గంప బరువు తగ్గించుకోవడం, ఇద్దరు కలిసి ఎత్తుకోవడం చెప్పేవాళ్ళం. నిద్రమాత్ర ఒక్కసారిగా ఆపితే ప్రమాదం కాబట్టి, సగం, పావు చేసి తగ్గించేవారు. ఇక చివర్లో అభ్యాసం. లేవని మనిషిని గట్టిగా పిలవాలి, భుజం కుదపాలి, ఛాతీ మధ్య ఎముక మీద పిడికిలితో రుద్దాలి. అయినా లేవకపోతే 108కి ఫోన్ చెయ్యాలి. ఊపిరి ఆడుతుంటే పక్కకి తిప్పాలి. నోట్లో మజ్జిగా నిమ్మరసమూ పోయకూడదు. ఊపిరి అందకపోతే నోటితో ఊదాలి.

నట్టనడి బజారులో శవంలా పడుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. అశుభం అన్నారు. చూసి చూసి పెద్దమ్మే గోనెపట్టా మీద వెల్లకిలా పడుకుంది. "నాను బతికే ఉన్నాను గానీ, బేగి తిప్పండే. ఎండ కొడతన్నాది" అంది. నోట్లో నోరు పెట్టి ఊదాలంటే మాత్రం సిగ్గుతో పక్కకి తిరిగి నవ్వేవారు. పైటచెంగు అడ్డం పెట్టుకోండి అని నేనంటే, ఇంకా నవ్వేవారు. నవ్వితే నవ్వారు, చేతులు మాత్రం నేర్చుకున్నాయి.

ఇప్పుడు ఆ రోజు. ఎండాకాలం, సంత రోజు, బజారు కిటకిటలాడుతోంది. టెంటు ముందు వరస ఉంది. నేను ఒకామెకి బీపీ చూస్తున్నాను. చేపల వరస అటు చివర నుంచి పెద్దమ్మ గొంతు వినబడింది.

"నర్సమ్మా, మా గుంట తొంగుండిపోనాది. లెగట్నేదు."

నేను లేచేలోపే డాక్టరు గారు పరిగెత్తారు. ఆ మాటకి అర్థం ఆయనకి ఇంక ఎవరూ చెప్పక్కర్లేదు. నేను పెట్టె పట్టుకుని, గంపలు దాటుకుంటూ, ఎవరి చేపలు తొక్కానో కూడా చూడకుండా వెనకే పరిగెత్తాను.

గుంట అంటే మా వైపు ఆడపిల్ల. పడి ఉన్నది చనిపోయినావిడ కూతురు. తల్లి గంప ఆ పిల్ల నెత్తికెక్కింది. అంతకుముందు ఏడాది పెద్దాపరేషన్‌తో బిడ్డని కన్నప్పటి నుంచి నడుంనొప్పి. పెద్దమ్మకి తెలిస్తే తిడుతుందని చాటుగా పొట్లం వేసుకుంటోంది. మేము వెళ్ళేసరికి పెదవులు నీలంగా ఉన్నాయి. పెద్దమ్మ అప్పటికే ఆ పిల్ల తల వెనక్కి వంచి, పైటచెంగు నోటి మీద పరిచి, ముక్కు మూసి ఊదుతోంది. సిగ్గూ లేదు, నవ్వూ లేదు. ఊదడం, ఛాతీ లేచిందా అని చూడడం, మళ్ళీ ఊదడం. చుట్టూ మూగిన మగవాళ్ళని మిగతా ఆడవాళ్ళు మోచేతులతో వెనక్కి నెడుతున్నారు. ఒకామె అప్పటికే 108కి ఫోన్ చేసి దారి చెబుతోంది.

డాక్టరు గారు కనురెప్పలు ఎత్తి చూశారు. నల్లగుడ్డు మధ్య చుక్క సూదిమొనంత అయిపోయింది. పిల్ల ముక్కూ నోటి మీద గాలి సంచి పెట్టి ఆయన ఊపిరి నొక్కుతుంటే, నేను ఆంపూల్ మెడ విరిచాను. మందు లాగి, భుజం కండలోకి పొడిచాను.

ఏమీ జరగలేదు. డాక్టరు గారు నొక్కుతూనే ఉన్నారు. పెద్దమ్మ ఆ పిల్ల పాదాలు పట్టుకుని కూర్చుంది.

అప్పుడు ఆ పిల్ల ఛాతీ తనంతట తాను లేచింది. నీళ్ళలోంచి తల పైకెత్తినవాళ్ళలా ఒక్క పెద్ద ఊపిరి. ఇంకోటి. పెదవుల నీలం మా కళ్ళ ముందే కరిగిపోయి ఎర్రబడింది. కళ్ళు తెరిచి, చుట్టూ చూసి, చిరాగ్గా అంది.

"పెద్దమ్మా, నా గంప ఏదే?"

పెద్దమ్మ ఆ పిల్ల చెంప మీద ఒకటి ఇచ్చి, వెంటనే గుండెలకి హత్తుకుంది. బజారు అంతా ఒక్కసారి హోరెత్తింది. ఎవరో నా తల మీద చెయ్యి పెట్టారు, ఎవరో డాక్టరు గారి చొక్కా పట్టుకుని ఏడుస్తున్నారు. నేను కూడా ఏడుస్తూ నవ్వుతున్నాను. అక్కడితో కథ అయిపోయిందనుకుంటారు, అందరూ అలాగే అనుకున్నారు. ఆ పిల్ల అయితే లేచి కూర్చుని, బాగానే ఉన్నాను, చేపలు పాడైపోతాయి, అమ్ముకుంటానంది.

ఇక్కడే మీరు జాగ్రత్తగా వినాలి. ఆ ఇంజెక్షన్ పనిచేసేది కాసేపే. పొట్లంలో మందు ఒంట్లో ఇంకా చాలాసేపు ఉంటుంది. ఇది దిగగానే అది మళ్ళీ మీద పడుతుంది. పైగా నిద్రమాత్రకి ఈ మందు అసలు విరుగుడే కాదు. అందుకని లేచిన మనిషిని ఇంటికి పంపకూడదు, పెద్దాసుపత్రికే పంపాలి. చేపలు తనే అమ్మిపెడతానని పక్కామె ఒట్టేసి చెబితే గానీ ఆ పిల్ల కదల్లేదు.

ఈలోగా డాక్టరు గారు ఏ పొట్లం వేసుకున్నావని అడిగారు. చూపించింది. నాలుగో బిళ్ళ రంగు మారింది. ఆయన దాన్ని వెలుతురులో తిప్పి చూశారు. పాతదానికంటే రెట్టింపు బలం ఉన్నది. ఇది బాగా పనిచేస్తుందని చెప్పి కొట్టువాడు ఆ పూటే కొత్తగా ఇచ్చాడట. డాక్టరు గారు నెమ్మదిగా తలెత్తి, ఈ కొత్త పొట్లం ఇవాళ ఇంకెవరు తీసుకున్నారని అడిగారు.

పెద్దమ్మ చేపల వరస మొదటి నుంచి చివరి దాకా చూసింది. చాలామంది చేతులు రొంటి మీదకి వెళ్ళాయి.

మేము విడిపోక తప్పలేదు. 108 వచ్చింది. ఒక ఆంపూల్ నాకిచ్చి ఆ పిల్లతో నన్ను విజయనగరం పంపారు. మిగిలిన ఒకటి పెట్టుకుని డాక్టరు గారు బజారులో ఉండిపోయారు. బండి తలుపు వేస్తుంటే పెద్దమ్మ ఎక్కబోయి, ఆగి, వెనక్కి చూసింది. "దీన్ని నువ్వు సూసుకో. అక్కడున్నోల్లని నాను సూస్తాను" అని దిగిపోయింది. కన్నబిడ్డలాంటి పిల్లని నా చేతిలో పెట్టి ఆవిడ మళ్ళీ గంపల మధ్యకి నడిచింది. ఆ వీపు నాకు ఇప్పటికీ కళ్ళకి కడుతుంది.

ఊరు దాటకముందే రైల్వే గేటు పడింది. గూడ్సు బండి. పెట్టె తర్వాత పెట్టె, పెట్టె తర్వాత పెట్టె. అప్పటిదాకా నాతో బిడ్డ గురించి కబుర్లు చెబుతున్న పిల్ల మాట మధ్యలో ఆగిపోయింది. గిల్లాను. కళ్ళు తెరిచి మూసుకుంది. మళ్ళీ గిల్లాను. తెరవలేదు. గొంతులో ఆ చప్పుడు మొదలైంది. అదే గురక. బండిలో ఉన్న టెక్నీషియన్ గాలి సంచి అందుకున్నాడు. నేను ఫోన్లో డాక్టరు గారికి చెప్పాను, "మళ్ళీ తొంగుండిపోతోంది" అని. నా నోటికి కూడా అదే మాట వచ్చింది. ఆయన ఇంజెక్షన్ ఇచ్చెయ్యమన్నారు. గూడ్సు చప్పుడుకి బండి అంతా అదురుతుంటే రెండో ఆంపూల్ విరిచాను. ఈసారి మందు వేసి, ఆ పిల్ల చెవి దగ్గర నోరు పెట్టి, దాని బిడ్డ పేరు పెట్టి పిలుస్తూ కూర్చున్నాను. గేటు లేచేసరికి ఊపిరి లేచింది. డ్రైవరు విజయనగరం దాకా హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఆసుపత్రివాళ్ళు సెలైన్లో మందు కలిపి పెట్టి, రెండు రోజులు కళ్ళల్లో వత్తులేసుకుని చూశారు. మూడో రోజు ఇంటికి వచ్చేసింది.

బజారులో ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. పెద్దమ్మ ప్రతి గంప దగ్గరికీ వెళ్ళి, పొట్లం వేసుకున్నవాళ్ళని లేపి టెంటుకి తోలుకొచ్చింది. సిగ్గుపడి దాచినవాళ్ళ రొంటి సంచులు తనే విప్పింది. ఇద్దరిద్దరిని జంటగా కూర్చోబెట్టి, ఒకరి మొహం ఒకరు చూసుకోమంది. ఎవరి రెప్ప బరువెక్కినా ఎదుటామె గిల్లాలి. ఇద్దరికి మగత కమ్మింది. మూడో ఆంపూల్ వాళ్ళలో ఒకామెకి అయిపోయింది. ఇద్దరినీ ఊళ్ళో ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉంచారు. ఆ రోజు చీపురుపల్లి వెళ్ళిన మా ఆడవాళ్ళు ఒక్కరు కూడా తగ్గకుండా ఇంటికి తిరిగొచ్చారు. ఈ వాక్యం రాస్తున్నప్పుడు ఒకసారి లేచి గదిలో తిరిగొచ్చాను, ఏమీ అనుకోకండి.

కొట్టువాడు పరారయ్యాడు. ఔషధ శాఖవాళ్ళు వచ్చి సరుకు పట్టుకెళ్ళారు. కొన్నాళ్ళకి ఇంకొకడు ఇంకో చోట దుకాణం తెరిచాడు, అది మామూలే. కానీ ఈసారి పొట్లం కొన్నవాళ్ళు తక్కువ, కొన్నవాళ్ళు కూడా ముందు దాన్ని మా టెంటుకి తెచ్చి చూపించేవారు. జిల్లా అధికారి స్వయంగా వచ్చి, అభ్యాసం చూసి, వేరే సంతల్లో కూడా పెట్టమన్నారు. ఆ ఏడాది నాకు ఉత్తమ సేవా పత్రం కూడా వచ్చింది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల లక్ష్యం పూర్తి చేసినందుకు. శాఖ ఎప్పుడు ఎందుకు మెచ్చుకుంటుందో ఊహించడం మానేస్తే మీరు సుఖంగా ఉంటారు.

అసలు నాకు ముట్టిన మెప్పు వేరే ఉంది.

రిటైరయ్యే ముందు ఏదో శిక్షణ పని మీద పాతపట్నం వెళ్ళాను. ఒడిశా సరిహద్దు, మా తీరానికి చాలా దూరం. మా శిబిరాలు అటువైపు ఎప్పుడూ వెళ్ళలేదు. పని అయ్యాక సంతలో తిరుగుతున్నాను. కూరగాయలు అమ్మే ఒకామె పట్టా మీద ఒరిగి కునుకు తీస్తోంది, సన్నగా గురక. పక్కన కూర్చున్నావిడ బేరం మధ్యలో వదిలేసి, ఆమె భుజం పట్టుకుని కుదిపేసింది. నిద్ర చెడిన కోపంతో ఆమె తెలుగూ ఒడియా కలిపి తిట్టింది. ఈవిడ ఏమీ అనుకోకుండా, లేచింది కదా అన్నట్టు తల ఊపి మళ్ళీ బేరానికి వచ్చింది.

ఎందుకమ్మా అలా లేపావని అడిగాను. గురక పెడితే లేపి చూడాలట, బిళ్ళలు వేసుకున్నవాళ్ళు అలాగే పోతారట. ఎవరు చెప్పారంటే, ఎండుచేపలు అమ్మడానికి సముద్రం వైపు నుంచి వచ్చే ఆడవాళ్ళు చెప్పారంది. కిందటేడు వాళ్ళ వీధిలో ఒక కోడలిని అలాగే బతికించుకున్నామని కూడా చెప్పింది. నా మొహం చూసి, నాకు అర్థం కాలేదనుకుంది కాబోలు. "రా, పడుకో, సూపిస్తాను" అని గోనెపట్టా దులిపి పరిచింది.

నేనెవరో చెప్పలేదు. కొత్త చీర కట్టుకుని, ఆఫీసు బ్యాగు పక్కన పెట్టి, నడి సంతలో ఆ పట్టా మీద పడుకున్నాను. ఆవిడ నా భుజం, నడుం పట్టుకుని ఒక్క ఊపున పక్కకి తిప్పింది. పై మోకాలు మడిచి ముందుకి పెట్టింది. చెయ్యి చెంప కింద పెట్టి, గడ్డం కొంచెం పైకెత్తింది. ఎక్కడా తప్పు లేదు. ఉల్లిపాయల వాసన, జనం కాళ్ళు, ఎండ. నవ్వు ఆపుకోలేక నా ఒళ్ళు కదులుతుంటే ఆవిడ నా వీపు మీద ఒక్కటి చరిచింది.

"కదలకమ్మా, సరిగ్గా నేర్చుకో. సదువుకున్నదాయిలాగున్నావు. మీ ఊరెల్లి నలుగురికి సెప్పాల నువ్వు."

అలాగే చెబుతానమ్మా అన్నాను.